పూత మీద పూత

ఒకే గోడను పన్నెండు అట్టల మీద పన్నెండు రకాలుగా వేసి చూసిన అనుభవమిది. యాక్రిలిక్ రంగుల పొరల్లో సొంత శైలిని వెతుక్కోవడం గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

జనగామ దాటి లోపలికి వెళ్తే మా అమ్మమ్మ వాళ్ల ఊరు. ఆ ఇంటి వాకిలి పక్క గోడకు ఏటా దసరా ముందు సున్నం పడేది. ఒక ఏడు సున్నంలో నీలిమందు కాస్త ఎక్కువై గోడంతా ఆకాశం రంగుకు తిరిగింది. చిన్నమామ పెళ్లినాటికి పసుపుపచ్చ డిస్టెంపరు కొట్టించారు. ఆ తర్వాతెప్పుడో లేతాకుపచ్చ. నేల నుంచి మూరెడు ఎత్తు వరకు మాత్రం ఎప్పుడూ జాజే. తాతయ్య పోయి, అమ్మమ్మ పట్నం వచ్చేశాక ఇంటికి తాళం పడింది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి గోడ పెచ్చులు ఊడటం మొదలైంది. ఒక్కో పెచ్చు లేచినచోట ఒక్కో ఏడు బయటికి వచ్చింది. ఆకుపచ్చ అంచు, దాని లోపల పసుపు, ఇంకా లోపల నీలం, నీలం మధ్యలో సున్నపు తెలుపు, అన్నిటికీ అడుగున ఎర్రమట్టి.

ఆ గోడను బొమ్మగా వేయాలని చాలాకాలం తంటాలు పడ్డాను. ఫొటో ముందు పెట్టుకుని, ఆకుపచ్చ ఉన్నచోట ఆకుపచ్చ, నీలం ఉన్నచోట నీలం అద్దాను. ఫొటోకు దగ్గరగానే వచ్చేది. గోడ మాత్రం వచ్చేది కాదు. రంగులన్నీ ఒకే ఎత్తున, పక్కపక్కన కూర్చున్నట్టు ఉండేవి. ఒకనాడు పెచ్చు ముక్క ఒకటి తెచ్చుకుని అడ్డంగా విరిచి చూశాను. పట్టుచీర మడతలు అంచు వైపు నుంచి కనిపించినట్టు సన్నటి రంగుల గీతలు వరసగా కనిపించాయి. ఆ గోడ ఏ వరసలో తయారైందో అదే వరసలో వేయాలని అప్పుడు అర్థమైంది. మట్టితో మొదలుపెట్టి పైకి రావాలి. వచ్చాక గీకాలి.

పని యాక్రిలిక్‌తో తప్ప కుదరదని తేలింది. పన్నెండు దళసరి అట్టలు కోసుకుని, ఒక్కోదాని మీద పొరల వరస మార్చి వేయాలని నిర్ణయించుకున్నాను. బొమ్మ అదే, గోడ అదే. మారేది పూతల క్రమం ఒక్కటే.

పాలలాంటి జిగురు

నూనె రంగు నిజానికి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. వేలికి అంటకుండా ఉండటానికే రోజులు, లోపలిదాకా గట్టిపడటానికి నెలలు. పైగా దానికో కట్టుబాటు ఉంది. కింది పూతలో నూనె తక్కువ, పై పూతల్లో ఎక్కువ ఉండాలి. తప్పితే పైపొర పగులుతుంది. నీటిరంగులది ఇంకో బాధ. పైన తడి కుంచె ఆనగానే కింది రంగు లేచి వచ్చేస్తుంది.

యాక్రిలిక్‌లో ఈ రెండు ఇబ్బందులూ లేవు. అతిసన్నని ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో తేలుతూ పాలలా కనిపించే జిగురు అది. అందులో రంగుపొడి కలిసి ఉంటుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని, అతుక్కుని ఒకే పొరగా మారిపోతాయి. ఒకసారి పొర కట్టాక మళ్లీ నీళ్లు పోసినా కరగదు. పలుచని పూతైతే పావుగంటలో పైన మరొకటి వేయొచ్చు. ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి పది పొరలు. తప్పుచేసి, దాన్ని కప్పి, మళ్లీ చేసి చూడటానికి ఇంత వీలిచ్చే రంగు చిత్రకళకు అంతకుముందు లేదు.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ 1901లో డాక్టరేటు కోసం ఈ జాతి పదార్థాల మీదే పరిశోధన చేశారు. అది చిత్రకారుల చేతికి వచ్చేసరికి అర్ధశతాబ్దం గడిచింది. 1940లలో న్యూయార్క్‌లో లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ కలిసి మాగ్నా అనే రంగు తయారుచేశారు. అది టర్పెంటైన్‌తో పలచన అయ్యే యాక్రిలిక్. నీళ్లతో కలిసేది 1955లో వచ్చింది. సిన్సినాటిలో హెన్రీ లెవిసన్ తయారుచేసి లిక్విటెక్స్ అని పేరు పెట్టాడు. అంటే మనం ఇవాళ వాడే రంగుకు ఇంకా ఎనభై ఏళ్లు కూడా నిండలేదు. నూనె రంగులకు శతాబ్దాల గురుపరంపర ఉంది. దీనికి అంతటి శాస్త్రం ఇంకా స్థిరపడలేదు. ప్రయోగం చేసేవాళ్లకు ఇది పెద్ద వరమని నా నమ్మకం.

చేర్యాల పాఠం

మొదటి అట్ట పాడైంది. రంగు నేరుగా అట్ట మీద వేసేశాను. అట్ట తాగేసింది. రెండో పూత వేసినా, మూడోది వేసినా పాలిపోయినట్టే ఉంది. అడుగు కట్టకుండా పొరలు వేస్తే ఇంతే.

ఈ సంగతి మా ఊరికి దగ్గర్లోని చేర్యాల నకాషీ చిత్రకారులకు తరతరాలుగా తెలుసు. కథలు చెప్పే పటం కోసం వాళ్లు ఖాదీ గుడ్డకు ముందు గంజి పెడతారు. సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూత వేస్తారు. ఒకటి ఆరాక మరొకటి. అలా గుడ్డ నేత కనిపించకుండా నున్నగా అయ్యాకే గీత మొదలవుతుంది. బజారులో డబ్బాలో దొరికే జెస్సో చేసే పని ఇదే. సుద్ద జాతి పొడి, తెల్లరంగు, యాక్రిలిక్ జిగురు కలిసిన పూత అది. రంగును పట్టి నిలిపే గరుకుదనం ఇస్తుంది, అట్ట తాగకుండా అడ్డుపడుతుంది, పైనుంచి వచ్చే వెలుతురును వెనక్కి కొడుతుంది. ఈ మూడోది చాలా ముఖ్యం. ఎందుకో ముందు చెప్తాను.

రెండో అట్టకు జెస్సో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ అడ్డంగా ఒకసారి వేశాను. మధ్యమధ్య ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దాను. ఆ మధ్యాహ్నమంతా బొమ్మ ఊసే లేదు. చిత్రకళ నేర్చుకునే పిల్లలు చాలామంది ఈ పని విసుగని వదిలేస్తారు. వదలొద్దు.

కలిపిన ఆకుపచ్చ, కప్పిన ఆకుపచ్చ

ఇప్పుడు చెప్పబోయేది ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. పసుపు, నీలం తీసుకుని ప్యాలెట్ మీద కలపండి. ఆకుపచ్చ వస్తుంది. దాన్ని కాగితానికి ఒకవైపు పూయండి. రెండోవైపు పసుపు ఒక్కటే పూసి పూర్తిగా ఆరనివ్వండి. దాని మీద అదే నీలాన్ని యాక్రిలిక్ మీడియంతో బాగా పలచన చేసి ఒక్క పొర లాగండి. అక్కడా ఆకుపచ్చే వస్తుంది. రెంటినీ కిటికీ దగ్గర పెట్టి చూడండి. మొదటిది నిండుగా, మూసినట్టు ఉంటుంది. రెండోదానిలో లోపల దీపం పెట్టినట్టు పసుపు పైకి వస్తూ ఉంటుంది.

కారణం వెలుతురు నడిచే దారిలో ఉంది. పారదర్శకమైన పైపొర గుండా వెలుతురు లోపలికి దిగుతుంది. అడుగున తెల్లటి జెస్సోను తాకి వెనక్కి తిరుగుతుంది. వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి ప్రతి పొరనూ దాటుతుంది. అందుకే రంగు పైపైన అతికినట్టు కాకుండా లోతు నుంచి వచ్చినట్టు ఉంటుంది. దీన్నే గ్లేజ్ అంటారు. అడుగు మురికిగా ఉంటే, ఎన్ని గ్లేజులు వేసినా వెలుతురు అక్కడే ఇంకిపోతుంది.

అయితే అన్ని రంగులూ గ్లేజుకు పనికిరావు. ట్యూబు మీద చిన్న చదరం గుర్తు ఉంటుంది చూడండి. ఖాళీ చదరమైతే పారదర్శకం, సగం నిండితే మధ్యరకం, పూర్తిగా నిండితే కప్పేసే రంగు. థాలో బ్లూ, క్వినాక్రిడోన్ మెజెంటా లాంటివి గాజులా పారదర్శకంగా ఉంటాయి. టైటానియం వైట్, ఇనుప తుప్పు జాతి ఎరుపులు కింద ఏముందో కనపడనివ్వవు. ట్యూబు మీద గుర్తు లేకపోతే కాగితం మీద నల్ల గీత గీసి, ఆరాక దాని మీదుగా రంగు లాగితే చాలు. గీత ఎంత కనిపిస్తే అంత పారదర్శకం. నా దగ్గరున్న ప్రతి రంగుకూ ఇలా ఒక పట్టీ వేసి గోడకు అంటించుకున్నాను. కొత్త రంగు కొన్నప్పుడల్లా ముందు ఈ పనే చేస్తాను.

పలచన చేయడానికి నీళ్లు మాత్రమే పోస్తే రంగు మరకలు మరకలుగా విడిపోతుంది. మీడియం అంటే రంగుపొడి లేని యాక్రిలిక్ జిగురే. ఒక వంతు రంగుకు ఎనిమిది, పది వంతుల మీడియం కలిపితే మంచి గ్లేజు వస్తుంది. జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక గాజులా అవుతుంది. అందుకే తడిలో చూసిన రంగు ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఇంటికి ఎమల్షన్ వేయించినవాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. మొదటిరోజు గోడ చూసి కంగారుపడితే, "ఆరనివ్వండమ్మా, అప్పుడు తెలుస్తుంది రంగు" అంటాడు పెయింటరు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఈ పద్ధతి అంతు చూసిన పని ఒకటి న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. చక్ క్లోజ్ వేసిన ‘మార్క్’ అనే ముఖచిత్రం, 1978-79 నాటిది. తొమ్మిదడుగుల ఎత్తు కాన్వాస్ మీద మెజెంటా, సయాన్, పసుపు అనే మూడు రంగులనే పొరలుగా వేసి చర్మం, కళ్లద్దాలు, పెదాలు అన్నీ రప్పించారు. ప్రెస్సులో రంగుల బొమ్మ అచ్చయ్యే తీరును చేత్తో చేశారన్నమాట. దానికి పట్టిన కాలం పద్నాలుగు నెలలు.

కప్పినదాన్ని తీయడం

మూడు నుంచి ఏడు వరకు అట్టలన్నీ వేయడం కన్నా తీయడం గురించే. పొరల పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మొదట తడిగుడ్డ. పూత వేసిన రెండు మూడు నిమిషాలకు అంచులు ఆరతాయి, మధ్యభాగం ఇంకా తడిగా ఉంటుంది. అప్పుడు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే మధ్యలో కింది రంగు బయటపడి, చుట్టూ సన్నని అంచు మిగులుతుంది. గోడ పెచ్చు ఊడినచోట కనిపించే అంచు అచ్చంగా అదే. తర్వాత సర్జికల్ స్పిరిట్. కొత్తగా ఆరిన యాక్రిలిక్ నీటికి లొంగదు కానీ స్పిరిట్‌కు లొంగుతుంది. దూదితో అద్ది రుద్దితే పైపొర మెత్తబడి లేచి వస్తుంది. కిటికీలు తెరిచి పెట్టుకుని చేయాలి.

ఉప్పుకాగితం చేసే పని వీటన్నిటికన్నా నిదానమైంది. నాలుగైదు రంగులు ఒకదాని మీద ఒకటి దట్టంగా వేసి, రెండురోజులు ఆరనిచ్చి, 400 నంబరు నీటి ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దాలి. ముందు కుంచె గీతల మిట్టలు అరుగుతాయి. పైరంగు పల్లాల్లో మాత్రం మిగులుతుంది. ఇంకా రుద్దితే రెండో రంగు, మూడో రంగు. చేయి ఆపాల్సిన చోటు చేతికే తెలియాలి. పొడిగా రుద్దొద్దు. ఆ ధూళి పీల్చదగింది కాదు, క్యాడ్మియం రంగులదైతే అసలే కాదు.

ఏడో అట్టకు పెడన అద్దకం అచ్చు ఒకటి వాడాను. వాడి వాడి అరిగిపోయిన చెక్క అచ్చు. మోడలింగ్ పేస్టు మందంగా పూసి, అది ఆరకముందే అచ్చు నొక్కి తీశాను. ఆరాక దాని మీద ముదురు గోధుమరంగు పలచగా పూసి, పైనుంచి తుడిచేశాను. పల్లాల్లో రంగు నిలిచింది, మిట్టలు తెల్లగా తేలాయి. బొమ్మ అందంగా ఉంది. కానీ అది మా గోడ కాదు. అచ్చు అందం వేరెవరో చెక్కిన అందం. ఆ అట్టను పక్కన పెట్టేశాను. చూసినవాళ్లందరికీ అదే నచ్చింది.

భోజనాల గదిలో లూయిస్

పొరలతో తన దారి కనుక్కున్నవాళ్ల గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు మారిస్ లూయిస్. 1912లో పుట్టిన అమెరికన్. నలభై ఏళ్లు వచ్చేవరకు ఆయన్ను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునే బొమ్మ లేదు. 1953 ఏప్రిల్‌లో మిత్రులతో న్యూయార్క్ వెళ్లి హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ స్టూడియోలో ‘మౌంటెన్స్ అండ్ సీ’ చూశారు. జెస్సో వేయని నూలు కాన్వాస్‌లోకి పలుచని రంగు ఇంకిపోయిన చిత్రం అది. 1952లో వేసింది. ఆమె వాడింది నూనె రంగు.

వాషింగ్టన్‌లోని తన ఇంటికి తిరిగి వచ్చిన లూయిస్ మాగ్నా రంగుతో అదే ప్రయత్నం మొదలుపెట్టారు. స్టూడియో లేదు. ఇంట్లో భోజనాల గదే పనిగది, సుమారు 12 అడుగులకు 14 అడుగులు. కాన్వాసులు ఆ గదికన్నా పెద్దవి. మడతపెట్టి, చెక్క ఊతానికి వేలాడదీసి, పైనుంచి నీళ్లలాంటి రంగు పోసేవారు. ఎరుపు మీదుగా ఆకుపచ్చ, దాని మీదుగా పసుపు, చివర అన్నిటినీ కప్పుతూ ముదురు గోధుమ. మాగ్నాకు ఒక గుణం ఉంది. టర్పెంటైన్ తగిలితే కింది పొర మళ్లీ కాస్త కరిగి పైదానితో కలుస్తుంది. అందుకే ఆ పొరలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పలేం. పలుచటి మేలిముసుగులు ఒకదాని మీద ఒకటి జార్చినట్టు ఉంటాయి. వాటికి ‘వెయిల్స్’ అనే పేరే నిలిచింది.

నన్ను ఆకట్టుకునేది తర్వాతి కథ. 1954లో మొదటి ముసుగులు వేశాక లూయిస్ ఆ దారి వదిలేశారు. అందరూ వేస్తున్న తరహాలోకి మళ్లీ వెళ్లారు. 1955 నుంచి 1957 దాకా వేసినవాటిలో చాలావాటిని తనే నాశనం చేసుకున్నారు. 1958లో మళ్లీ ముసుగుల దగ్గరికే వచ్చారు, ఈసారి ఇంకా పెద్ద కాన్వాసులతో. తనది ఏదో తేల్చుకోవడానికి తనది కానిదాన్ని మూడేళ్లు వేసి చూడాల్సి వచ్చింది. 1962లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయారు. యాభై నిండలేదు. ఆ చిన్న గదిలో ఏళ్ల తరబడి పీల్చిన రంగుల ఆవిరే కారణమంటారు. ఇవాళ నీళ్లతో కలిసే యాక్రిలిక్ వాడేవాళ్లం ఆ మాట గుర్తుంచుకోవాలి.

పోసే రంగులు

ఇప్పుడు యాక్రిలిక్ అనగానే చాలామందికి తెలిసేది పోరింగ్. నాలుగు రంగులు ఒక గ్లాసులో పోసి, కాన్వాస్ మీద బోర్లించి, అటూ ఇటూ వంచితే పాలరాయిలాంటి చారలు, కణాల్లాంటి గుండ్రాలు వస్తాయి. దీన్ని 1936లోనే మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికెరోస్ న్యూయార్క్‌లోని తన ప్రయోగశాలలో చేసి చూశారు. ఆయన వాడింది కార్లకు వేసే సెల్యులోజ్ రంగు. అక్కడికి వచ్చినవాళ్లలో జాక్సన్ పొలాక్ ఒకరు. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో ఇందులో కిటుకు తేల్చారు. బరువైన రంగును తేలిక రంగు మీద పోస్తే అది కిందికి దిగే ప్రయత్నంలో తేలికది పైకి తన్నుకొస్తుంది. ఆ తోపులాటే ఆ కణాలు.

ఎనిమిదో అట్ట ఇలా వేశాను. బాగుంది. తొమ్మిదోది వేస్తే అదీ అలాగే బాగుంది. ఎవరు వేసినా అంతే బాగుంటుంది, అక్కడే నాకు పేచీ. పొరల వరసను రంగు బరువు నిర్ణయిస్తోంది, నేను కాదు. అడుగు పొరగా దీన్ని వాడుకోవచ్చు, దాని మీద మన పని మొదలుపెట్టొచ్చు. అక్కడితో ఆగిపోతే మాత్రం మన పేరు రాసుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

ముద్ర అంటే

శైలి గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక చిత్రకారుడి గీత ఏకంగా నుడికారమై, అందమైన ఆడపిల్లను ‘బాపు బొమ్మ’ అనే జాతి మనది. సంతకం చూడకుండానే ఎవరిదో తెలిసిపోవడమే ముద్ర.

తోట వైకుంఠం చిత్రం ముందు నిలబడితే అదే జరుగుతుంది. ఒకనాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టారు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. చిన్నప్పుడు ఊళ్లో నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను, తన తల్లిని చూసిన చూపే ఆ నిండైన తెలంగాణ స్త్రీలలో ఉందని ఆయనే చెప్పారు. ఆయన కాన్వాస్ మీద యాక్రిలిక్‌ను కప్పేసే రంగుగా వాడతారు. ఎర్రబొట్టు ఎర్రబొట్టే, పసుపు పసుపే. కలగలుపు ఉండదు. పొరలంటే గ్లేజులే కానక్కర్లేదని ఆయన పని చెబుతుంది.

దీనికి పూర్తి ఎదురు దారి సూర్యప్రకాశ్‌ది. 2019లో మనల్ని విడిచి వెళ్లిన ఈ హైదరాబాదు చిత్రకారుడు తొలినాళ్లలో తుప్పుపట్టిన కారు శకలాలు వేశారు, తర్వాత తామరకొలనులకు వచ్చారు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నారు. ఆయన కొలను ముందు నిలబడితే నీటి మీద ఆకు, నీటిలో చెట్టు నీడ, అడుగున చీకటి, మూడూ ఒకే చోట కనిపిస్తాయి. ఏది పైన, ఏది కింద అని కన్ను వెతుక్కుంటూనే ఉంటుంది. తుప్పుకూ తామరకూ సంబంధం ఏమిటని అనిపించొచ్చు. తుప్పు కూడా ఇనుము మీద కాలం వేసిన పొరే కదా.

ఎస్.హెచ్. రజా కథలో ఓపిక కనిపిస్తుంది. 1962లో బర్కిలీలో పాఠాలు చెప్పడానికి అమెరికా వెళ్లొచ్చాక ఆయన నూనె రంగుల నుంచి యాక్రిలిక్‌కు మళ్లారు. ‘సౌరాష్ట్ర’ వేసింది 1983లో. రెండు మీటర్ల చదరపు కాన్వాస్, 2010లో వేలంలో 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. ఆ ధర కన్నా రంగు మార్చుకున్నప్పటి నుంచి ఆ చిత్రం దాకా గడిచిన ఇరవై ఏళ్లు నాకు ముఖ్యం. నెలరోజుల్లో సొంత శైలి నేర్పిస్తామనే ప్రకటనలు ఇప్పుడు రోజూ కనిపిస్తున్నాయి. నెలరోజుల్లో మెళకువలు వస్తాయి, అవి అవసరమే. ముద్ర రాదు.

మన ఎండలో, మన వానలో

యాక్రిలిక్ పుస్తకాలన్నీ చల్లని దేశాల్లో రాసినవి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో రంగు కాన్వాస్ చేరేలోపే కుంచె మీద ఆరిపోతుంది. ఫ్యాను ఆపేయాలి. ఒక ట్రేలో తడి స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, ఆ కాగితం మీద రంగు పెట్టుకుంటే గంటల తరబడి తడిగా ఉంటుంది. తెల్లవారుజామున పని చేసుకోవడం అన్నిటికన్నా మేలు. వానాకాలంలో, అందునా కోస్తాలో, పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటుంది. ఆ రోజుల్లో పొరకూ పొరకూ మధ్య గంట ఆగితే నష్టం లేదు. ఆరీ ఆరని పొర మీద కుంచె పెడితే మాత్రం కింది రంగు చర్మం ఊడినట్టు ఊడి వస్తుంది.

ఆరిన యాక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది. ఈ సంగతి తెలియక ఒక మంచి చిత్రం పోగొట్టుకున్నాను. ఒక వేసవిలో ఫ్రేము కట్టడానికి ఇస్తే, ఆ దుకాణంవాళ్లు బబుల్ ర్యాప్ బుడగలు లోపలివైపు ఉండేలా చుట్టి, మిగతావాటితో దొంతర పెట్టారు. వారం తర్వాత విప్పితే ఆకాశమంతా గుండ్రటి ముద్రలు. ఇరవై పొరల పని. అప్పటినుంచి చిత్రానికి ముందు సిలికాన్ పూత ఉన్న కాగితం వేసి, ఆపైనే వేరేది చుడతాను. రెండు చిత్రాలను ముఖాముఖి ఎప్పుడూ పెట్టను.

ఇంకో రెండు మాటలు. యాక్రిలిక్ మీద నూనె రంగు వేయొచ్చు, నూనె రంగు మీద యాక్రిలిక్ వేయకూడదు, పట్టు నిలవక రేకులుగా లేస్తుంది. కుంచెలు కడిగిన నీళ్లను సింకులో పోయొద్దు. అందులో ఉన్నది ప్లాస్టిక్. వాటిలో అల్యూమినియం సల్ఫేటు, తర్వాత సున్నం కలిపితే రంగు ముద్దగా విడిపోతుంది. పాతబట్టతో వడగట్టి, ఆ ముద్దను ఎండబెట్టి చెత్తలో వేయాలి. చెరువునీళ్లలో పటిక తిప్పి తేర్చుకున్న పెద్దవాళ్లకు ఈ పని కొత్తదిగా అనిపించదు.

పదకొండో అట్ట

పన్నెండూ పూర్తయ్యాక గోడవారన వరసగా నిలబెట్టాను. మా చెల్లెలు వచ్చి చాలాసేపు చూసింది. "అక్కా, అన్నిట్లోనూ అంచున ఎరుపు వదిలావేం?" అని అడిగింది.

నేను వదిలినట్టు నాకే తెలియదు. ప్రతి అట్ట వెనకా పొరల వరస పెన్సిల్‌తో రాసి ఉంచాను కాబట్టి తిప్పి చూశాం. తొమ్మిదింట జాజు రంగు అడుగు పొర. ఆ తొమ్మిదింటిలోనూ అంచుల దగ్గర పైపూతలు ఆపేశాను. నీలం ప్రతిసారీ వేశాను, ప్రతిసారీ సగానికి పైగా కప్పేశాను. తెలుపును ఎక్కడా పైపూతగా వేయలేదు, గీకి బయటికి తీశాను. ఇవేవీ అనుకుని చేసినవి కావు. అనుకుని చేసిన అచ్చు అందాలూ, పోత చారలూ ఆ వరసలో పరాయివాళ్లలా నిలబడ్డాయి. పదకొండోది మాత్రం గోడలా ఉంది. జాజు అడుగు, సున్నపు తెలుపు, నీలం గ్లేజు రెండుసార్లు, కప్పేసే పసుపు, పైన లేతాకుపచ్చ, ఆ తర్వాత తడి ఉప్పుకాగితం. ఎనిమిది నెలల్లో నేర్చుకున్నదంతా ఆ వెనక రాతల్లోనే దొరికింది. వాటిని రాసి ఉండకపోతే ఎరుపు సంగతి ఇప్పటికీ తెలిసేది కాదు.

రంగులు చేతపట్టే ప్రతివారినీ ఒకటి అడుగుతాను. మీకు బాగా తెలిసిన ఒక్క వస్తువును ఎంచుకోండి, ఇంటి గడపైనా, వేపచెట్టు బెరడైనా, బిందె అయినా సరే. పన్నెండు అట్టలు కోసుకోండి. ఒక్కోదానికి ఒక్కో వరస. పాడైనవాటిని పారేయొద్దు. ప్రతి అట్ట వెనకా తేదీ, ఏ పొర ముందు, ఏది తర్వాత, ఎంతసేపు ఆరనిచ్చారో పెన్సిల్‌తో రాసి పెట్టండి.